బ్యాటు పట్టినవాడే భక్తుడు

సర్వమత సామరస్యం ఎక్కడుందని వెతుక్కుంటున్నారా? బొంబాయిలో మతసంస్థలు నడిపే పెద్ద బడుల్లో క్రికెట్ సెలక్షన్ జరిగేనాడు వెళ్ళి చూడండి. ఫాదర్ గారికీ, ట్రస్టీ సాహెబుకీ, స్వామీజీకీ మోక్షం దగ్గర మాట కలవదు. ఎడంచేతి స్పిన్నర్ దగ్గర మాత్రం ముగ్గురిదీ ఒకటే మతం. కుర్రాడి కులం అడగరు, గోత్రం అడగరు, ఆఖరికి ఫీజు కూడా అడగరు. వికెట్లెన్ని తీశావని మాత్రం అడుగుతారు.

అదే గేటు ముందు ఫోరస్ రోడ్డు పేదల చాల్ నుంచి వచ్చిన తల్లి నిలబడి "అయ్యా, మావాడు బుద్ధిగా చదువుకుంటాడు" అంటే వాచ్‌మన్ స్టూలు దిగడు. ఒట్టి చదువుకునేవాడికి బడిలో ఏం పని?

చట్టం లేదా అంటే, ఉంది. ప్రైవేటు బడులు మొదటి తరగతిలో 25 శాతం సీట్లు పేద పిల్లలకివ్వాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెప్పింది. మైనారిటీ సంస్థల మీద ఆ చట్టం రుద్దితే, తమ బడులు తాము నడుపుకునే హక్కును వాళ్ళకిచ్చిన రాజ్యాంగం 30వ అధికరణం దెబ్బతింటుందని 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సరే, శిరోధార్యం. కానీ కోర్టు చేర్చుకోనక్కర్లేదంది గానీ, చేర్చుకోవద్దనలేదు. అక్కర్లేదన్న మాట వద్దన్నట్టు వినపడటం ఏ చెవి జబ్బో! ఓపెనింగ్ బ్యాట్స్‌మన్‌గా వస్తే చెక్కుచెదరని హక్కు, పలక పట్టుకొని వస్తే పగిలిపోతుందా?

పైగా ఈ ఊళ్ళో తెలుగువాళ్ళం మేమూ మైనారిటీలమే. భాషా మైనారిటీలకు కూడా రాసిందే ఆ 30వ అధికరణం. దాని ఫలం కామాఠీపురా తెలుగు పిల్లాడి నోటికి అందాలంటే ముందు కవర్ డ్రైవ్ నేర్చుకోవాలి.

హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట వేసి సముద్రాన్ని ఆపాక తేలిన పల్లపు నేలలో, అంటే నేటి కామాఠీపురాలో, కాపురాలు పెట్టి, ఈ నగరానికి రాళ్ళు మోసినవాళ్ళు తెలుగు కామాఠీలు. వాళ్ళ మునిమనవలకు దక్కింది మున్సిపల్ బడి. బొంబాయి కార్పొరేషన్ ఎనిమిది భాషల్లో బడులు నడుపుతుంది, అందులో తెలుగు ఒకటి. ఆ బడి ఎవర్నీ ఏరుకోదు. గల్లీలో ఎవడుంటే వాడే విద్యార్థి, వాడే ఫాస్ట్ బౌలర్. వాడి మైదానం రెండు చాళ్ళ నడుమ సందు, వాడి బంతి రబ్బరుది. వీధి పిల్లలతో ఒక బడీ, విరార్ నుంచి కొలాబా దాకా జల్లెడ పట్టిన పిల్లలతో ఇంకో బడీ ఆజాద్ మైదానంలో ఎదురుపడితే దానికి "సమాన పోటీ" అని పేరు. ఇద్దరి వయసూ ఒకటేగా మరి!

ఏరుకునే బడికీ దొరికినవాళ్ళతో ఆడే బడికీ మధ్య దూరం ఎంతవరకు పోగలదో 2019 నవంబరులో బడుల క్రికెట్ పోటీ హారిస్ షీల్డ్ మొదటి రౌండ్ చూపించింది. స్వామి వివేకానంద ఇంటర్నేషనల్ స్కూల్ 761 పరుగులు. అంధేరీ చిల్డ్రన్స్ వెల్ఫేర్ సెంటర్ స్కూల్ 7. ఆ ఏడూ ఎక్స్‌ట్రాలే, బ్యాటు నుంచి సున్నా. ఆ 761లో 156 పరుగులు, ఓవర్లు వేళకు పూర్తి చేయలేదని అంధేరీ పిల్లలకు వేసిన జరిమానా! బౌండరీ దాటిన బంతులు ఏరుకొచ్చుకోవడానికి టైము పట్టదా మరి! దేశమంతా ఆ పిల్లల్ని చూసి నవ్వింది. ఆ మ్యాచ్ పెట్టినవాళ్ళను చూసి ఎవరూ నవ్వలేదు.

"సచిన్ బడి మారలేదా?" అంటారు. మారాడు. కోచ్ అచ్రేకర్ మాట మీద బాంద్రా బడి వదిలి దాదర్ శారదాశ్రమ్‌లో చేరాడు, 1988లో కాంబ్లీతో కలిసి 664 కొట్టాడు. మారిన కుర్రాణ్ణి ఎవరు తప్పుపట్టారు? పదిమందిని వదిలి ఒక్కణ్ణి ఎత్తుకుపోయి, మర్నాడు ఆ పదిమంది మీదే గెలిచి, ప్రార్థన సమావేశంలో "శ్రమకు ఫలితం" అని ఉపన్యాసమిచ్చే పెద్దల గురించి నా బాధ.

ఈ ఊళ్ళో మతం మైదానంలోకి దిగడం నిన్నటి మాట కాదు. 1946 దాకా హిందువులు, ముస్లింలు, పార్సీలు మతానికో జట్టు కట్టి ఆడేవారు. హిందూ జట్టుకు పల్వంకర్ బాలూ వేలితో తిప్పే బంతి కావాలి, దళితుడైన బాలూ కెప్టెన్‌గా మాత్రం వద్దు. చెయ్యి కావాలి, మనిషి అక్కర్లేదు. పద్ధతి నేటికీ అదే. స్కోరుబోర్డు మాత్రం ఎలక్ట్రానిక్ అయింది.

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంవాళ్ళు బడుల పోటీల విషయంలో మొహమాటం లేకుండా లెక్క కట్టారు. మినహాయింపు పొందని ప్రైవేటు బడి విద్యార్థుల సంఖ్యను 1.65తో హెచ్చవేసి, వచ్చిన సంఖ్యకు తగ్గ పెద్ద బడులతో ఆడిస్తారు. ఏరుకునేవాడి బలం తలల లెక్కలో కనపడదని వాళ్ళకు తెలుసు. మనకూ తెలుసు. తెలిసే ఊరుకుంటాం.

కాబట్టి షీల్డుల ధర్మకర్తలారా, వయసులు చూసింది చాలు, గేట్లు చూడండి. వచ్చినవాణ్ణల్లా చేర్చుకునే బడులు ఒక గుంపు, ఏరుకునే బడులు మరో గుంపు. ఏరుకునేవాళ్ళకు మా గుంపులో ఆడాలని సరదా పుడితే ఒకటే షరతు. జట్టులోకి ఎంతమంది గల్లీ పిల్లల్ని తీసుకున్నారో, బ్యాటు పట్టడం రాని అంతమందిని ఒకటో తరగతిలోనూ తీసుకోండి. షీల్డు మీరే ఉంచుకోండి, మాకు హాజరుపట్టీలో పేరు చాలు.