కొబ్బరిచెట్టుకు రెండెత్తులు

లెక్కల మాస్టారికి పిల్లల్లో ఉండే పేరు, పోలీసుకి దొంగల్లో ఉండే పేరు లాంటిది. ఆ పేరు కాస్త బాగుపడాలని శిక్షణ తరగతుల్లో మాకు కృత్యాలు నేర్పుతారు. పిల్లలు తమ చేతులతో చేసి నేర్చుకోవడమే కృత్యం. కాగితం మీద సంగతి ఇది. ఆచరణలో మాత్రం రాత్రి పదింటికి మాస్టారి భార్య థర్మాకోల్ కోస్తుంది, మాస్టారు దానికి మెరుపు కాగితం అంటిస్తాడు, మర్నాడు టీఎల్ఎమ్ (బోధనోపకరణాల) మేళాలో దాని పక్కన నిలబడి ఫొటో దిగుతాడు. ఆ తర్వాత పిల్లలు ముట్టుకుని పాడుచేస్తారని దాన్ని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. మా బళ్లో పైథాగరస్ సిద్ధాంతం ఏళ్ల తరబడి అలాగే దుమ్ము పడకుండా క్షేమంగా ఉంది.

నన్నడిగితే, జవాబు చక్కగా వచ్చేసిన కృత్యం వల్ల ఒరిగేది తక్కువ. జవాబు తప్పాలి, ఎందుకు తప్పిందని పిల్లలు జుట్టూ జుట్టూ పట్టుకోవాలి. అప్పుడుంటుంది మజా.

వ్యాసార్ధం, ఎత్తు సమానమైతే శంకువు ఘనపరిమాణం స్థూపంలో మూడోవంతు. ఇది చేసి చూద్దామని మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మ దగ్గర బియ్యం అడిగాం. ‘గింజ తగ్గిందంటే మీ క్లాసుకే అన్నం తగ్గుద్ది మాస్టారూ’ అంటూ చాటతో ఇచ్చింది. పిల్లలు చార్టుతో 7 సెం.మీ. వ్యాసార్ధం, 10 సెం.మీ. ఎత్తు ఉన్న స్థూపం చుట్టారు. దాని పక్కనే శంకువూ చుట్టారు. మూడు శంకువుల బియ్యం పోశారు. నిండలేదు. నాలుగోది పోశారు. అయినా అంచు దాకా రాలేదు!

‘పుస్తకం తప్పు సార్’ అన్నాడొకడు. ‘బియ్యం సన్నాలు సార్, అందుకే సర్దుకుపోతున్నాయి’ అన్నాడు వాళ్ల నాన్నకి రైసుమిల్లున్న కుర్రాడు. వెనక బెంచీ అమ్మాయి ఒకతె ఏమీ అనకుండా శంకువులోకి స్కేలు దించింది. లోతు ఏడు సెంటీమీటర్ల పైన చిల్లర! కాగితాన్ని 10 సెం.మీ. కొలిచి కత్తిరించారు కాబట్టి అది ఏటవాలు ఎత్తు అయిందే తప్ప ఎత్తు కాలేదు. వంద లోంచి నలభై తొమ్మిది తీస్తే యాభై ఒకటి, దాని వర్గమూలం 7.14. తాళంచెవి అవసరం లేకుండానే పైథాగరస్ బయటికొచ్చేశాడు.

గోళం ఉపరితలానికి కమలాపండ్లు తెప్పించాను. పండు చుట్టుకొలతతో నాలుగు వృత్తాలు గీసి, తొక్క ముక్కలు పరిస్తే నాలుగూ సరిగ్గా నిండాలి. తొక్కల లెక్క తేలేలోపు పండ్ల లెక్క తేలిపోయింది. సంభావ్యత కోసం నాణేలెగరేయించడం మానుకున్నాను. బొమ్మా బొరుసా అనే కేకలు హెడ్మాస్టరు గది దాకా వెళ్తే, పందేలు కాదని ఆయనకి నిరూపించడం ఏ సిద్ధాంతంతోనూ వీలుపడదు.

ఇవేవీ కొత్త వింతలు కావు. 1893లో మద్రాసు నుంచి టి. సుందరరావు అనే ఆయన కాగితాలు మడిచి జ్యామితి నేర్పే పుస్తకం వేశాడు. కిండర్‌గార్టెన్ పిల్లల రంగు కాగితాల ఆట చూసి ఆయనకి ఆ ఆలోచన తట్టిందట. పసిపిల్లల ఆటతో మొదలెట్టి పరావలయాల దాకా లాక్కెళ్లాడు మహానుభావుడు. థర్మాకోల్ ఊసే లేదు.

ఇక త్రికోణమితి. పుస్తకంలో ఎవరో ఒకాయన ఎప్పుడూ దీపస్తంభమెక్కి రెండు ఓడలకేసి చూస్తుంటాడు. ఆయనకి వేరే పనుండదు. మాకు దీపస్తంభం లేదు గానీ బడి ఆవరణలో కొబ్బరిచెట్టుంది. కోణమానినిని తిరగేసి, దాని అంచుకి బోండాం తాగే స్ట్రా అంటించి, మధ్యలోంచి దారంతో ఒక నట్టు వేలాడదీస్తే క్లినోమీటరు తయారు. పిల్లల్ని గ్రౌండులోకి తోలాను. పీఈటీ సారు గుమ్మంలో నిలబడి, ‘ఇన్నాళ్లూ నా పీరియడ్లు లాక్కున్నారు, ఇప్పుడు గ్రౌండు కూడానా?’ అన్నారు.

చెట్టుకి 10 మీటర్ల దూరంలో నిలబడి, స్ట్రాలోంచి మొవ్వని చూశారు. దారం 60 మీద ఆగింది. ఒక జట్టు అరవయ్యే కోణం అనుకుని, టాన్ విలువ వేసి, కంటి ఎత్తు కలిపి, దాదాపు 19 మీటర్లని తేల్చింది. రెండో జట్టు 90 లోంచి 60 తీసేసి, ఊర్ధ్వకోణం 30 అని పట్టుకుని, ఏడు మీటర్ల చిల్లర అంది. ఒకటే చెట్టు, ఒకటే దారం! ఈలోగా ఒక పొట్టివాడు, ‘నేను చూస్తే చెట్టు కూడా పొట్టిదవుద్దా సార్?’ అన్నాడు. కంటి ఎత్తు తగ్గితే కోణం పెరుగుతుందని వాడికి వాడి పొడుగాటి స్నేహితుడే వంగి, లేచి, మళ్లీ వంగి చూపించాడు. నాకు సుద్దముక్క మిగిలింది.

గొడవ తీర్చడానికి దింపు తీసే ఆయన దొరికాడు. ‘బాబాయ్, ఈ చెట్టెంతుంటది?’ అంటే ఎగాదిగా చూసి, ‘నాలుగు బారలండి. ఆయ్’ అన్నాడు. పిల్లలు ఆయన చేతులు చాపించి టేపు పట్టారు. 180 సెంటీమీటర్లు. నాలుగు పెట్టి హెచ్చవేస్తే 7.2 మీటర్లు. ఓడిన జట్టు వాళ్లు తమ 19 మీటర్ల సంగతి కూడా చెప్పారు. ‘అంత చెట్టయితే రేటు వేరేనండి’ అన్నాడాయన.

తర్వాతి పాఠం నిమ్నకోణం. అంటే పైనుంచి కిందికి చూడాలి. వాటర్ ట్యాంకు ఎక్కుదామని పిల్లలు తీర్మానించిన గంటలోనే హెడ్మాస్టరు మేడమెట్ల తలుపుకి తాళం వేయించారు. సరే, బెంచీలున్నాయి కదా అన్నాను. నేలమీద సుద్దముక్క పెట్టి, బెంచీ ఎక్కి క్లినోమీటరులోంచి చూడటం. క్లాసంతా చేతులెత్తి, ‘సార్, నన్ను బెంచీ ఎక్కించండి సార్!’ అని బతిమాలుతుంటే, పక్క గదిలోంచి సోషల్ మేడమ్ బెత్తంతో సహా వచ్చి గుమ్మంలో నిలబడి, ‘అందరూ కలిసి ఏం చేశార్రా?’ అన్నారు.