కొడుకు మీద రాసెయ్

2008లో నేను హైదరాబాదులో ఒక కంపెనీ సర్వర్ రూములో రాత్రి డ్యూటీ చేసేవాణ్ణి. కంప్యూటర్లలో ఉన్నదంతా రోజూ టేపుల మీదికి ఎక్కించడం నా పని. టేపంటే పాటల క్యాసెట్టుకి దాయాదే. కాకపోతే చదరంగా, బరువుగా ఉంటుంది, లోపల ఒకే చక్రం.

పని రెండు రోజుల్లో వచ్చింది. భాషే రాలేదు. మొదటిరోజు సీనియరు "స్క్రాచ్ టేపులు పట్టుకురా" అన్నాడు. గీతలు పడ్డవి కాబోలని బీరువా అంతా గాలించి, అన్నీ బంగారంలా ఉన్నాయని శుభవార్త చెప్పాను. స్క్రాచంటే గడువు తీరిపోయి, మళ్ళీ రాసుకోవడానికి పనికొచ్చే టేపుట. మర్నాడు "డ్రైవు షూషైన్ చేస్తోంది చూడు" అంటే నా బూట్లకేసి చూసుకున్నాను.

పాపం, ఆ మాటలో తప్పులేదు. డ్రైవంటే టేపుని నడిపే యంత్రం. అందులో టేపు సెకనుకు కొన్ని మీటర్ల చొప్పున పరిగెడుతుంది. సర్వరు అంత జోరుగా సమాచారం అందించలేకపోతే డ్రైవు ఆగాలి. ఆగమన్నచోట ఆగితే అది డ్రైవెందుకవుతుంది? మన సిటీ బస్సులా స్టాపు దాటి పోయి ఆగుతుంది. అక్కణ్ణించి వెనక్కొచ్చి, మళ్ళీ ఊపందుకుని, వదిలేసినచోట అందుకుంటుంది. ఇలా రాత్రంతా, రాసే హెడ్డు మీద టేపు అటూ ఇటూ, గుడ్డతో బూటు తుడిచినట్టే. తుడిచేకొద్దీ బూటు మెరుస్తుంది గాని, టేపు అరుగుతుంది.

సీనియరు పెద్ద రీళ్ళ కాలం చూసినవాడు. ఆ రీళ్ళకి వెనక ఒక ప్లాస్టిక్ ఉంగరం ఉండేదిట. ఉంగరం తీసేస్తే చదవడమే, రాయడం కుదరదు. దుష్యంతుడికి ఉంగరం లేకపోతే చదవడమే రాలేదు. ఆ లెక్కన రీలే నయం.

అసలు కొంప ముంచింది తాత, తండ్రి, కొడుకు. ఇది మా కుటుంబం కాదు, టేపులు తిప్పే పద్ధతి. రోజువారీ టేపు కొడుకు, వారానిది తండ్రి, నెలాఖరుది తాత. కొడుకుని వారం తిరగ్గానే చెరిపి రాస్తారు. తండ్రికి నెల గడువు. ఆఫీసు తగలబడ్డా తాత మిగలాలని ఆయన్ని ఊరవతల గోడౌనుకి పంపేస్తారు.

ఆ రోజుల్లోనే మా తాతయ్య కంటి ఆపరేషనుకని ఒంగోలు నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్నాడు. ఒకరాత్రి సెలవు పెట్టి ఇంట్లో ఉంటే ఆఫీసు కుర్రాడు ఫోను చేశాడు. హాల్లో, తాతయ్య మంచం పక్కనే నిలబడి నేను మాట్లాడింది ఇదీ:

"తాత ఇంకా కదల్లేదా? ప్రమాదం. పొద్దున్నే బండి పిలిచి గోడౌనుకి పంపించెయ్. తండ్రి జోలికి పోకు, ఇంకా గడువుంది. కొడుకు మీద రాసెయ్. ఆఁ, మొత్తం."

పొద్దున లేచేసరికి పొలం పాసుపుస్తకం తాతయ్య దిండు కిందికి చేరింది. ఎదురుగా మా నాన్న, ముద్దాయిలా.

"నీ కొడుకు నన్ను గోడౌనులో పడేసి, పొలం వాడి కొడుకు మీద రాయించుకుంటున్నాడు."

"వాడికింకా పెళ్ళే కాలేదు కదా నాన్నా!"

"నా అనుమానమూ అదే."

ఇంట్లో ఉన్న పాత పాటల క్యాసెట్టు తెచ్చి ఆయన చేతిలో పెట్టి మొదలుపెట్టాను. మా టేపు అరంగుళం వెడల్పు, 820 మీటర్ల పొడవు. డ్రైవు ఈ చివర నుంచి ఆ చివరదాకా రాసుకుంటూ పోయి, అక్కడ తిరిగి, పక్క వరసలో రాసుకుంటూ వస్తుంది. దీన్ని పాము నడక అంటారు.

"పామేమిట్రా, దున్నడం."

ఇన్నాళ్ళూ నాకు తట్టలేదు. దున్నడమే. ఒక్కోసారికి పదహారు సాళ్ళు, మొత్తం 56 సార్లు, వెరసి 896.

"పదహారు పళ్ళ గొర్రా! పొలమెంత?"

కాగితం మీద లెక్కేశాను. పావు సెంటు.

"పావు సెంటుకి పదహారు పళ్ళ గొర్రు. ఎడ్లు తిరగడానికి చోటెక్కడిదిరా?" ఆయన ఆపరేషను కన్ను జాగ్రత్తగా పట్టుకుని నవ్వాడు. ఆ పావు సెంటులో 800 గిగాబైట్ల పంట పండుతుందంటే మాత్రం నమ్మలేదు.

సందు దొరికిందని తరాల సంగతీ చెప్పాను. ఈ రకం టేపుల్లో మాది నాలుగో తరం డ్రైవు. తన తరం టేపులు సరే, మూడో తరం మీదా రాస్తుంది, రెండో తరాన్ని చదువుతుంది. 2000లో వచ్చిన మొదటి తరం టేపు పెడితే నువ్వెవరన్నట్టు కక్కేస్తుంది.

"అంటే ముత్తాత తెలీదు దానికి."

"తెలీదు."

"మీ ముత్తాత పేరేమిట్రా?"

నేను నాన్న వైపు చూశాను. నాన్న ఫ్యాను వైపు చూశాడు.

ఆ రాత్రి మళ్ళీ ఫోను మోగితే వీధిలోకి వెళ్ళి మాట్లాడొచ్చాను. తిరిగొచ్చేసరికి తాతయ్య మంచం గుమ్మం పక్కకి జరిగి ఉంది. దిండు కాస్త ఎత్తుగానే ఉంది.