అడవికి పోతూ ఏసీ ఎందుకురా?

మా రోజుల్లో ఊరు దాటి ఒక రాత్రి ఆరుబయట పడుకోవాలంటే చాప, దుప్పటి, లాంతరు ఉంటే చాలు. మీరో? అడవి చూడ్డానికి ఇంటినే చక్రాల మీద లాక్కుపోతారు, మళ్ళీ ఆ ఇంటికి కరెంటు ఎలాగా అని తల పట్టుకుంటారు! డల్లాస్‌లో మావాడికి నెలరోజులుగా ఇదే ధ్యాస. క్యాంపింగ్ ట్రైలర్ కొన్నాడు, ఇప్పుడు "నాన్నా, 2,200 వాట్ల జనరేటర్ చాలా, 3,500ది తీసుకోనా?" అంటాడు. నన్నేం అడుగుతావురా, పెట్రోమాక్స్ లైటు గురించి అడుగు. స్పిరిట్ పోసి వెచ్చబెట్టి పంపు కొడుతుంటే మేంటిల్ బుస్సుమని తెల్లగా వెలిగేది. ఆరిపోయాక తెలియక వేలు తగిలిందా, బూడిదై రాలేది, ఇంకోటి కట్టుకోవాల్సిందే. అదీ ఓపికంటే.

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకి బండి కట్టుకుని పోతే బండి కిందే పడక. ప్రభల నిండా రంగు బల్బులు, వాటికోసం జనరేటర్ తెల్లవార్లూ దడదడలాడుతూనే ఉండేది. హాయిగా నిద్రపోయేవాళ్ళం. నవ్వకు, అది దేవుడి జనరేటర్.

ఇక్కడేమో మోతకీ చట్టం ఉంది. జాతీయ పార్కుల్లో 50 అడుగుల దూరాన 60 డెసిబెల్స్ దాటకూడదట. అందుకే ఇన్వర్టర్ జనరేటరే కొనాలంటాడు, లోడు తక్కువైతే ఇంజను కూడా నెమ్మదిస్తుందిట. సరే, ఎంతది? అసలు పేచీ ట్రైలర్ నెత్తినున్న ఏసీతోనే. 13,500 బీటీయూలది నడుస్తున్నప్పుడు 1,500 వాట్లు లాగుతుంది గానీ, కంప్రెసర్ లేచే క్షణంలో దానికి ఇంచుమించు రెండింతలు అడుగుతుంది. అక్కడే చిన్న జనరేటర్ చతికిలబడుతుంది. సాఫ్ట్ స్టార్ట్ అని ఓ డబ్బా బిగిస్తే ఆ కుదుపు తగ్గుతుందిట. అప్పుడు కూడా పక్కన మైక్రోవేవ్ పెట్టావో, అంతే సంగతులు. పైగా కొలరాడో కొండలెక్కితే ప్రతి 1,000 అడుగులకీ ఇంజను సత్తువ 3 శాతం పైగా తగ్గుతుంది. 8,000 అడుగుల మీద పావువంతు పోయినట్టే. ఆయాసం నాకొక్కడికే అనుకున్నాను.

కోడలు పొగా మోతా లేని లిథియం బ్యాటరీ పెట్టె చాలంటుంది. ఫోన్లకీ లైట్లకీ బంగారంలా పనికొస్తుంది. కానీ 1,000 వాట్-అవర్లది ఏసీకి తగిలిస్తే ముప్పావు గంట కూడా రాదు. పెట్రోలుదైతే డబ్బా నిండా పోసుకుంటూ పోవచ్చు. కాకపోతే దాన్ని ట్రైలర్‌కి 20 అడుగుల అవతల, పొగ గొట్టం అటు తిప్పి పెట్టాలి. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగుండదు, వాసనుండదు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. ఈ ఒక్క విషయంలో నీతో పరాచికాలాడను.

నన్నడిగితే ఏసీ మానేయండి, కిటికీలు తెరవండి, బ్యాటరీ పెట్టెతో సరిపెట్టుకోండి అంటాను. అన్నాను కూడా. "జూలైలో, టెక్సాస్‌లో, నువ్వు పడుకుంటావా నాన్నా?" అన్నాడు వెధవ. నిన్న మధ్యాహ్నం హాల్లో ఏసీ ఇంకో రెండు డిగ్రీలు తగ్గించమన్నది నేనేలే.

సరే, పెద్దది ఒకటి కొంటే మోయడానికి ఇద్దరు కావాలి. చిన్నవి రెండు కొని కేబుల్‌తో జత చెయ్యి, ఒక్కోటి 20 కిలోలు, నువ్వొక్కడివే ఎత్తగలవు. నేను ఇండియా వెళ్ళిపోయాక రెండోది అమ్మేసుకో.