తిరుగుకవరు మీమాంస

అథాతః తిరుగుకవరు జిజ్ఞాసా. కథ పోస్టు డబ్బాలో పడ్డాకే ఈ శాస్త్రం మొదలవుతుందని భాష్యం. రాసి పెట్టెలో దాచుకున్నవాడికి దీనితో పని లేదు; అతడికి సంపాదకులందరూ మంచివాళ్లే.

విషయం: సొంత చిరునామా రాసి, స్టాంపు అంటించి, రచనకు జతచేసే కవరు. తనకు రాబోయే చేదు కబురుకు తపాలా ఖర్చు తానే ముందుగా కట్టే ఏర్పాటు ఇది. అధికారి: నల్లగొండ బస్టాండు దుకాణంలో ఆదివారం సంచికను కొనకుండా తిరగేసి, తన పేరు కనపడక మడత చెడకుండా పెట్టి వచ్చినవాడు. ప్రయోజనం: కోపం కొంత తగ్గడం. సంబంధం: రచయితకూ సంపాదకుడికీ మధ్యది, ఉందో లేదో తేల్చడానికే ఈ శ్రమ.

పూర్వపక్షి అంటాడు: జవాబు దేనికి? బాగుంటే వేస్తారు, లేకుంటే లేదు. ఈ వాదం చెల్లదు. జవాబు రాకపోవడం ఒక్కటే కాదు, తార్కికుల లెక్కలో అభావాలు నాలుగు. కట్ట ఇంకా విప్పలేదు, అది ప్రాగభావం. కట్టే పోయింది, ప్రధ్వంసాభావం. పత్రికే మూతపడింది, అత్యంతాభావం. అన్నిటికన్నా బాధపెట్టేది అన్యోన్యాభావం: కథ అచ్చయింది, కింద మన పేరే ఉంది, కానీ అది మన కథ కాదు. మనం ‘యాడికి పోతున్నవే’ అని రాస్తే పాలమూరు ముసలమ్మ ‘ఎక్కడికి వెళ్తున్నావు’ అని అడుగుతుంటుంది. ఆమె మనవడు సైతం గుర్తుపట్టడు. ఈ జిల్లాల రచయితలకు మొదటి మూడూ అలవాటే. నాలుగోదానికి మాత్రం ఇప్పటికీ సమాధానపడలేదు, పడనక్కర్లేదు కూడా.

ఇక చరిత్రాధికరణం. 1913లో మహబూబ్‌నగర్ నుంచి ‘హితబోధిని’ వచ్చింది. 1922లో నల్లగొండలో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు ‘నీలగిరి’ పత్రిక పెట్టారు. సంపాదకుడు ఊళ్లోనే ఉంటే కవరు అక్కర్లేదు, పోయి అడగొచ్చు. ఆయన కష్టం కూడా అదే. మద్రాసు పత్రికల సంగతి వేరు. నిజాం రాజ్యానికి తపాలా సొంతం, స్టాంపులు సొంతం. సరిహద్దు దాటితే ఆ స్టాంపు ఉత్త రంగు కాగితం. సూర్యాపేట కవి 1924లో మొదలైన ‘భారతి’కి పద్యాలు పంపుతూ తిరుగుకవరు మీద నైజాం స్టాంపు అంటించాడనుకోండి, మద్రాసు డబ్బాలో వేసినా అది చెల్లదు. ఇంగ్లీషు సర్కారు స్టాంపు వెతుక్కోవాల్సిందే. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరని ముడుంబై వెంకట రాఘవాచార్యులు అన్న మాటకు మూలం ఇదేనని ఈ శాస్త్రకారుడి ఊహ: స్టాంపు చెల్లని కవిని లేని కవిగా లెక్కకట్టి ఉంటారు. ఆధారం లేదు. ఆధారం లేకుండా నిలబడిన శాస్త్రాలు ఇంకా చాలా ఉన్నాయి.

ఆ మాటకు జవాబిచ్చింది గద్వాల సీమవాడు సురవరం ప్రతాపరెడ్డి. 1926లో మొదలైన ‘గోలకొండ పత్రిక’ ఆయన చేతిలో ఉంది. ఒక ఘాటు సంపాదకీయంతో సరిపెట్టొచ్చు. ఆయన అట్లా చేయలేదు. పద్యాలు పంపండని కవులను అడిగారు. 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ 354 మంది కవులతో వెలువడింది. ఇక్కడ తపాలా దిక్కు మారింది. అంతదాకా జవాబు కోసం గుమ్మంలో నిలబడింది రచయిత; ఈసారి నిలబడింది సంపాదకుడు. ఈ శాస్త్రానికి సిద్ధాంతం ఏదైనా ఉంటే అది ఈ అడగడమే. అంతమంది పద్యాలూ ఒకే ఎత్తువి అనను. ఏరి పదిమందినే వేసుంటే పుస్తకం మెరిసేది, వాదం వీగిపోయేది. కత్తెర బల్ల మీదే ఉన్నా ఆ ఒక్కసారి ముట్టకపోవడం చిన్న విద్య కాదు.

సురవరం వారు ‘చిత్రగుప్త’ వంటి మారుపేర్లతోనూ రాశారు. రచయితా సంపాదకుడూ ఒకే చొక్కాలో ఉండే ఈ అద్వైతంలో స్టాంపు ఖర్చు లేదు, ఆలస్యం లేదు. రచన తిరిగొస్తే ఎవరిని తిట్టాలన్నదే చిక్కు.

ఇప్పుడు కవరు పోయింది, వాట్సాప్ వచ్చింది. నీలి టిక్కులు రెండు పడి జవాబు రానిదాన్ని ఐదో అభావంగా చేర్చాలి; ప్రాచీనులకు ఈ యాతన లేదు. ఉత్తమ సంబంధానికి ఉదాహరణగా దేవరకొండ ఫోను సంభాషణ ఒకటి కల్పించి చెప్తాను:

“అన్నా, నా కథ ఏమాయె?”

“సదివిన తమ్మీ. జర కుదించాలె.”

“ఎంత?”

“సగం.”

“ముందటి సగమా, ఎనుక సగమా?”

“నడుమ సగం. ఆ పెండ్లి లేకున్నా కథ నడుస్తది.”

సగం పోయిందని తమ్ముడు రెండు రోజులు అన్నం సరిగా తినడు. కానీ పెండ్లి ఎక్కడుందో అన్నకు తెలుసు, అంటే చదివాడు.

చివరిది ప్రాయశ్చిత్త ప్రకరణం. జవాబివ్వని సంపాదకుడు, తనకు వచ్చిన కవర్ల మీది చిరునామాలన్నీ తన చేత్తో ఒకసారి తిరగ రాయాలి. ‘ఈ కథ మరే పత్రిక పరిశీలనలోనూ లేదు’ అని హామీపత్రం మీద సంతకం చేసి, అదే సాయంత్రం ఇంకో రెండు పత్రికలకు పంపిన రచయితకు శిక్ష వేరే వెయ్యనక్కర్లేదు: మూడింటిలోనూ అది ఒకే ఆదివారం అచ్చవుతుంది.