ఎనిమిదో స్థానం పదిలం

బ్రిటన్ రాజు ఛార్లెస్ తమ్ముడు ఆండ్రూ గారి బిరుదులు పీకేశారని లోకమంతా ఒకటే చప్పట్లు. మన చానళ్లయితే లండన్‌లో విప్లవం వచ్చినంత హడావుడి చేశాయి. మొన్నటిదాకా ప్రిన్స్, యార్క్ డ్యూక్, ఇన్వర్నెస్ ఎర్ల్; ఇప్పుడు ఒట్టి ఆండ్రూ మౌంట్‌బాటెన్ విండ్సర్. సాక్షాత్తూ అన్నగారే రాజముద్ర వేయించి మరీ కానిచ్చారు. పాపం, ఎంత శిక్ష!

మరి సింహాసనం వరసలో ఆయనగారి ఎనిమిదో స్థానం? అది పదిలం. దాన్ని కదపాలంటే పార్లమెంటు చట్టం చేయాలి, ఛార్లెస్‌ను రాజుగా ఒప్పుకున్న మిగతా 14 దేశాలూ సరేననాలి. అంటే ప్రిన్స్ అని పిలవడానికి తగని మనిషి, ముందున్న ఏడుగురూ లేకపోతే రాజు కావడానికి మాత్రం భేషుగ్గా తగుతాడు.

ఆ వరసలో ఇంకాస్త వెనక్కి వెళ్లండి. ఆండ్రూ తర్వాత ఆయన పెద్దకూతురు, ఆమె ఇద్దరు ఆడపిల్లలు. తర్వాత చిన్నకూతురు, ఆమె ఇద్దరు మగపిల్లలు. ఆపైన తమ్ముడు ఎడ్వర్డ్, ఆయన కొడుకు, కూతురు. వీళ్లందరూ అయ్యాక 18వ స్థానంలో యాన్. ఆవిడ పుట్టింది 1950లో. ఆండ్రూ 1960లో, ఎడ్వర్డ్ 1964లో. ఇద్దరికీ అక్క! ఎడ్వర్డ్ ఇంట్లోనూ అదే తంతు: 2003లో పుట్టిన లూయీజ్ కంటే 2007లో పుట్టిన తమ్ముడు ముందు.

2013లో వారసత్వ చట్టాన్ని సంస్కరించారు కదా అంటారు. ఆడా మగా తేడా లేదన్నారు, నిజమే. కానీ 2011 అక్టోబరు 28 తర్వాత పుట్టినవాళ్లకే. అరవయ్యేళ్లు ముందు పుట్టడం యాన్ తప్పు.

ఇక్కడ నాకు వెటకారం కూడా రావడం లేదు. ఒక యువతి ఆండ్రూ మీద లైంగిక ఆరోపణలు చేసింది. ఆయన కాదన్నాడు, 2022లో డబ్బిచ్చి దావా రాజీ చేసుకున్నాడు. ఇంత జరిగాక కూడా, ఏటా వందల కార్యక్రమాలకు తిరిగే అక్క ఆయన వెనకే నిలబడాలా? 2025 జనవరిలో పుట్టిన ఆయన మనవరాలి వెనక కూడా నిలబడాలా? ఇది సంప్రదాయం కాదు, సిగ్గులేనితనం.

పాత వరస కదిపితే గందరగోళమట! స్వీడన్ 1979లో పుట్టిన పసివాడి దగ్గర్నుంచి 1980లో యువరాజ స్థానం తీసి అక్క విక్టోరియాకిచ్చింది. అక్కడేమీ ఆకాశం విరిగి పడలేదు. అంతెందుకు, కేథలిక్కులు గిట్టక 1701లో చట్టం చేసి, యాభై మందికి పైగా వారసులను పక్కకు నెట్టి హానోవర్ సోఫియాకు హక్కు కట్టబెట్టింది ఈ ఇంగ్లండే. 1714లో ఆమె కొడుకు జార్జి వచ్చి గద్దెనెక్కాడు. అక్కర పడితే వరస ఎంతైనా వంగుతుంది, అక్కకోసమైతేనే బిగుసుకుంటుంది.



ప్రభువుల బిరుదుల జోలికైతే 2013 చట్టం అసలు పోనేలేదు. 2016లో ఇద్దరు అక్కలుండగా పాతికేళ్ల తమ్ముడు వెస్ట్‌మినిస్టర్ డ్యూక్ అయ్యాడు. ఆండ్రూ దగ్గర పీకేశామంటున్న ఆ యార్క్ బిరుదు సంగతీ అంతే. కొడుకుల్లేరు, ఉన్న ఇద్దరు కూతుళ్లకూ అది రాదు. ఎవరూ పీకకపోయినా ఆయనతోనే పోయేది.