విరిగిన చేతికర్రకు టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది):

చేతికర్ర విరిగి చిన్నబోయెను నావ
గాలి మెండు గలిగి కదలదాయె
ఉప్పు నిసుక యెండ యొక్కటై తినివేయ
కీలు తెగెను బావ కేక వెట్టె

అవతారిక: కాలిఫోర్నియాలో శాన్ డియాగో ఊళ్లోనే మిషన్ బే అని ఉప్పునీళ్లు లోపలికి చొచ్చుకొచ్చిన చోటొకటుంది. ఒక శనివారం మధ్యాహ్నం అక్కడ పదహారడుగుల హోబీ పడవ మీద ఇద్దరున్నారు. ఒకడు కవి. రెండోవాడు కవిగారి అక్క మొగుడు, పడవ ఆయనదే. పద్యం ఒడ్డు చేరాక పుట్టింది. కవీ వ్యాఖ్యాతా ఒక్కడే కావడం వల్ల కవి హృదయం తెలుసుకోవడానికి శ్రమ పడనక్కర్లేదు, దాచడానికే పడాలి.

ప్రతిపదార్థం.

చేతికర్ర = చేతిలోని కర్ర. ఊతకర్ర అని అర్థం చెప్పుకుంటే పొరపాటు. ఇది కర్ర కూడా కాదు, అల్యూమినియం గొట్టం. ఈ జాతి పడవకి రెండు సన్నటి దోనెలు పక్కపక్కన ఉంటాయి. వాటిని కలుపుతూ ఒక చట్రం, చట్రానికి నులకమంచంలా బిగించిన గట్టి గుడ్డ. ప్రతి దోనె వెనకా ఒక చుక్కాని. చుక్కానులు రెండూ ఒకేసారి తిరగాలి కాబట్టి వాటిని జోడిస్తూ ఒక అడ్డకడ్డీ. ఆ కడ్డీ నడిమిలో కీలుతో తగిలించిన పొడుగాటి గొట్టమే మన చేతికర్ర. ఇంగ్లీషువాళ్లు టిల్లర్ ఎక్స్‌టెన్షన్ అంటారు. ఆ పేరు మన ఇళ్లలో వాడితే చిక్కే. టిల్లర్ విరిగిందని ఫోన్లో చెబితే కోనసీమలో ఉన్న మా అత్తయ్య, "అక్కడ కూడా మడి దున్నుతున్నార్రా?" అంది.

అంత పొడుగెందుకు? పడవ వెడల్పు ఎనిమిదడుగులకి అంగుళం తక్కువ. గాలి ఎక్కువైతే ఒక దోనె నీళ్లు విడిచి పైకి లేస్తుంది. దాన్ని అణచడానికి మనిషి నడుముకి పట్టీ కట్టుకుని, స్తంభం మీంచి దిగిన తీగకి వేలాడుతూ, పాదాలు అంచున ఆనించి నీళ్ల మీదికి వెల్లకిలా వాలతాడు. అక్కడికి చుక్కాని ఎలాగూ రాదు. అందుకని ఆరేడడుగుల గొట్టం. పడవలో అన్నిటికన్నా సన్నగా, అన్నిటికన్నా పొడుగ్గా ఉండి, దెబ్బలన్నీ తినేది ఇదే.

నావ = హోబీ పదహారు. సర్ఫింగ్ పలకలు చేసుకునే హోబీ ఆల్టర్ 1968లో పద్నాలుగడుగుల పడవ తెచ్చి, ఆ వెనకే దీన్ని తెచ్చాడు. లక్షకు పైగా అమ్ముడయ్యాయి. ఇలాంటి జంట పడవని కాటమరాన్ అంటారు. ఆ మాట తమిళుల కట్టుమరం నుంచి వచ్చింది. అసలు కట్టుమరానికి రెండు దోనెలుండవు. దుంగలు పక్కపక్కన పేర్చి తాళ్లతో కట్టింది, మన తెప్పే. అంతర్వేది వైపు తెప్పలు చూస్తూ పెరిగిన మా బావ, "మాల్ వీళ్లది, పేరు మనది" అంటాడు. తెప్పకి తెడ్డుంటుంది, కీలుండదు. తెగే బాధా లేదు.

చిన్నబోయెను = ముఖం వేలాడేసింది. నావకి ముఖం ఎక్కడిదని అడగరాదు.

గాలి మెండు గలిగి కదలదాయె = ఇక్కడ పూర్వపక్షి లేచి, "చేతికర్ర పోతే పడవ ఆగిపోతుందా? వెనక్కి పాకి, గొంతుకూర్చుని, అడ్డకడ్డీనే చేత్తో పట్టుకుని నడుపుకోవచ్చుగా?" అంటాడు. నిజమే, నడుపుకోవచ్చు. మేం ఇంటికి చేరింది అలాగే. అయితే ఇది అతిశయోక్తి కాదు, స్వభావోక్తి. కర్ర విరిగింది పడవని గాలికెదురుగా ఒక పక్కనుంచి ఇంకో పక్కకి తిప్పే క్షణంలో. ఈ పడవలు తేలిక, తిరిగేటప్పుడు ఊపు చాలదు. సగం తిరిగాక చుక్కాని పట్టు తప్పితే ముక్కు సరిగ్గా గాలికెదురుగా నిలుస్తుంది. తెరచాప టపటపా కొట్టుకుంటుంది, పడవ ఉన్నచోటే ఉంటుంది. ఎంత గాలి ఉంటే అంత చప్పుడే గాని అడుగు ముందుకి పడదు. ముందు తెరచాపని చేత్తో గాలికి అడ్డంగా తోసిపట్టి, వెనక్కి జారుతున్న పడవకి చుక్కాని ఎదురు తిప్పితే గాని విడుదల లేదు. ఆ పని చేసింది బావ. కవి ఆ సమయాన విరిగిన ముక్క పట్టుకుని ఆలోచిస్తున్నాడు.

ఉప్పు నిసుక యెండ = మూడు దోషాలు, వాతపిత్తకఫాల్లాంటివి. (ఉప్పు తర్వాతి నకారం ఎక్కడినుంచి వచ్చిందంటే, గణం కోసం వచ్చింది.)

ఉప్పు: గొట్టం అల్యూమినియం, దానికి కొట్టిన రివెట్టు స్టెయిన్‌లెస్ స్టీలు. ఈ రెండు లోహాల మధ్య ఉప్పునీటి తడి చేరితే అక్కడే చిన్న బ్యాటరీ పుడుతుంది. అందులో కరిగిపోయేది అల్యూమినియం. రివెట్టు చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే కన్నం పెద్దదవుతోందన్నమాట. అల్యూమినియం రివెట్టు వాడితే ఈ గొడవ లేదు. స్టీలుదే వాడాల్సొస్తే మధ్యలో రెండు లోహాల్నీ తాకనివ్వని లేపనం పూయాలి. మంచినీళ్లతో కడగడం ఎవరికైనా తెలుసు. కడిగేవాళ్లు తక్కువ.

ఇసుక: ఒకదాన్లోకి ఒకటి దూరి, తిప్పితే బిగిసే కర్రలున్నాయి. వాటి గొంతులోకి నాలుగు రేణువులు పోతే బిగిసింది ఊడదు, ఊడింది బిగియదు. తీగ మీద వేలాడుతుండగా కర్ర చేతిలోనే పొట్టిదైపోతే మనిషి నీళ్లలోనే. నా అభిప్రాయంలో సముద్రానికి ఒంటిగొట్టమే మేలు.

ఎండ: ఫైబర్‌గ్లాసు కర్రని ఎండ కాల్చితే పైపూత పొడిలా రాలి, గాజు పీచు బయటికొస్తుంది. అరచేతిలో దిగిందంటే దురదగొండి నయం. కార్బన్‌ది ఇంకా తేలిక, ఇంకా బిర్రు. కానీ ఒక గీత పడితే నిలువునా చీలుతుంది. అయితే ఎండ అసలు ప్రతాపం చూపేది రబ్బరు మీద, కాబట్టి తర్వాతి పదానికి పోదాం.

కీలు = కర్రకీ అడ్డకడ్డీకీ మధ్య ఎటైనా వంగే రబ్బరు ముక్క. వంచి చూస్తే ఎండిన చెరువులా నెర్రెలు కనపడ్డం మొదలైందంటే దాని ఆయుష్షు తీరినట్టే. జిగురుతో అతకదు, కొత్తది వేయాల్సిందే. కొత్తది వేసినా, కీలు పక్కగా సన్నటి గట్టి తాడొకటి వదులుగా కట్టి ఉంచాలి. రబ్బరు తెగినా కర్ర నీళ్లపాలు కాదు. మా పడవకి ఆ తాడు లేదు. పాత పడవ అమ్మినాయన కట్టలేదు, కొన్న మేమూ కట్టలేదు.

విరిగి, తెగెను = రెండు క్రియలెందుకు, పునరుక్తి దోషం కాదా? కాదు. గొట్టం విరిగింది, రబ్బరు తెగింది. గొట్టం విరగడం కూడా పుల్ల విరిగినట్టు కాదు. నడిమిన నొక్కుకుపోయి, మునక్కాడలా ఒక పక్క నార పట్టుకుని వేలాడింది.

కేక వెట్టె = కేక ఏమనో కవి చెప్పలేదు. ఔచిత్యం.

చికిత్స: మూలంలో లేకపోయినా లోకోపకారంగా చెబుతున్నాను. వంగినదాన్ని తిన్నగా చేద్దామని నేను మోకాలికి ఆనించాను. "ఆపరా బాబూ! ఒకసారి మడతపడ్డ అల్యూమినియం అక్కడే మళ్లీ విరుగుద్ది" అన్నాడు బావ. నొక్కుకుపోయిన ముక్క కోసి పారేశాడు. లోపలికి బిగుతుగా దూరే చిన్న గొట్టం ఒకటి సంపాదించాడు. ఇటు జానెడు అటు జానెడు పోయేలా కొలిచి, గరుకు కాగితంతో రుద్ది, అసిటోన్‌తో తుడిచి, ఎపాక్సీ పట్టించి దూర్చాడు. ఒక రోజంతా ముట్టుకోనివ్వలేదు. లోపలి గొట్టం పొట్టిదైతే అది ముగిసేచోటే మళ్లీ విరుగుతుందట. కోసేసిన మేరకి కర్ర నాలుగు వేళ్లు తగ్గింది. పట్టుకునే చోట సైకిలు ట్యూబు చుట్టాడు. కొందరు ఇలాంటప్పుడు పాత గోల్ఫు కర్ర తల తీసేసి దాంతోనే నెట్టుకొస్తారు. మా బావ ఒప్పుకోలేదు. గోల్ఫు ఆడేవాళ్ల మీద ఆయనకి మొదటినుంచీ సదభిప్రాయం లేదు.

అలంకారం: మూడో పాదంలో సముచ్చయం. నేరం చాలామంది మీదికి పంచే అలంకారం గనక అనువైనది.

తాత్పర్యం: ఉప్పూ ఇసుకా ఎండా కలిసి తినేయడం వల్ల చేతికర్ర విరిగి, కీలు తెగి, గాలున్నా పడవ ఆగిపోగా బావ అరిచాడని భావం.

ఇక్కడ ఒక చిక్కు దాచకూడదు. తెల్లపొడి ఉన్నది రివెట్టు దగ్గర. గొట్టం విరిగినచోట లోహం కొత్త గిన్నెలా మెరుస్తోంది. ఉప్పు తిన్న గుర్తేమీ లేదు. పడవ తిప్పేటప్పుడు ఇంత పొడుగు కర్రని వెనక వైపుగా, పెద్ద తెరచాప తాళ్లకి అవతలినుంచి తిప్పి, రెండోపక్క అందుకోవాలి. అలా తిప్పకుండా గుడ్డ మీదే అడ్డంగా వదిలేసి, కంగారులో ఈ పక్కనుంచి ఆ పక్కకి పాకేవాళ్లుంటారు. దీన్ని ఆధారం చేసుకుని మూడో పాదానికి ఒక పాఠాంతరం ప్రచారంలోకి వచ్చింది:

బుద్ధిలేక దాని పొట్టపై కూర్చుండ

ఈ పాఠం ప్రక్షిప్తమని నా వాదన. గణాలు సరిపోయాయి, యతి కూడా పొసిగింది, విరిగినచోటూ కుదిరింది. అయినా ఇది కవి చేతిరాత కాదు. లభ్యమైన ఏకైక ప్రతి మా అక్క దస్తూరీలో ఉంది, వాళ్లింట్లో ఫ్రిజ్ తలుపు మీద.