గుర్రం పోయె, బోర్డు వచ్చె

గుర్రంకొండ కోటకు ఒకప్పుడు గుర్రమే కాపలా అట. అది కొండ మీదున్నంత కాలం కోట ఎవరికీ చిక్కదని జనం నమ్మేవాళ్లు. ఎవడో ఘనుడు దాన్నే దించుకుపోయాడని కథ. ఇప్పుడు ఆ కొలువులో హెచ్చరిక బోర్డు ఉంది. మేత అడగదు, సకిలించదు.

1791లో ఇంగ్లీషు, నిజాం సేనలు ఫిరంగులు పేల్చి కింది కోట పట్టుకున్నాయి గానీ, పైకోట లొంగలేదు. పాపం, వాళ్లకు కిటుకు తెలీదు. మా అంగళ్లు ఊరి కుర్రోళ్లకు ఆదివారం పూట మూడు బైకులు, నాలుగు బిర్యానీ పొట్లాలు, ఒక్క మేకు చాలు. బిర్యానీ పొట్లాలు కొండకు, మేకు గోడకు. బాణం దిగిన గుండెకాయ, కింద ఇద్దరి పేర్లు, తేదీతో సహా! శాసన పరిశోధకులకు ఇంత సులువైన లిపి ఇంకెక్కడ దొరుకుతుంది?

"కోట గోడ గీకితే రెండేళ్ల దాకా జైలంట, లేదంటే లక్ష దాకా జరిమానా అంట కదప్పా?" అన్నా ఒకడితో.

"యాడ రాసుండాదన్నా?"

బోర్డు చూపించా. సరిగ్గా ఆ వాక్యం మీదే వాడి పేరు.